మొదటి రౌండు, ఇరవై ఏడో నంబరు

వెర్లిన్ హాస్కెట్‌కు కర్టిస్ లోవాల్ అంటే కుళ్ళు. మా ఊరు కీల్స్‌బర్గ్‌లో ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు, ఒక్క వెర్లిన్ తప్ప. అతన్ని అడిగితే, "కుళ్ళా? వాడి మీదా? నాకింకేం పని లేదా?" అంటాడు. అని, ఆ తరువాత ముప్పావుగంట సేపు కర్టిస్ గురించే మాట్లాడతాడు.

వెర్లిన్‌కు యాభై నాలుగేళ్ళు. పొలాల్లో ఇళ్ళకు గ్యాసు నింపే ట్యాంకరు నడుపుతాడు. పందొమ్మిదేళ్ళుగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంత్రం పూట తొమ్మిది, పదేళ్ళ పిల్లలకు బేస్‌బాల్ నేర్పుతున్నాడు. జీతం బత్తెం లేని పని. కొడుకు ఆడే రోజుల్లో మొదలుపెట్టాడు. కొడుకు మీసాలొచ్చి ఆట మానేశాడు గానీ తండ్రి మానలేదు. మంచి కోచ్ అని చెప్పలేను, చెడ్డ కోచ్ అనీ అనలేను. పిల్లల మీద అరిచేవాడు కాదు. వాళ్ళ పేర్ల దగ్గర మాత్రం మే నెల దాకా తికమక పడేవాడు.

కర్టిస్ మొదట్లో వెర్లిన్ దగ్గర సహాయకుడు. నాలుగేళ్ళు బ్యాట్ల సంచి మోశాడు, గీతలకు సున్నం పోశాడు, వెర్లిన్ అన్న ప్రతి మాటకూ తలూపాడు. ఊళ్ళో ఇన్సూరెన్స్ ఆఫీసు పెట్టుకున్నాక సొంత జట్టు కావాలన్నాడు. "తీసుకోవయ్యా, దానికేముంది" అని వెర్లిన్ భుజం తట్టి మరీ పంపించాడు. ఆరేళ్ళు గడిచాయి. కర్టిస్ జట్టు మూడుసార్లు కప్పు గెలిచింది. ఈ రెండు జట్లూ ఏడాదికి రెండుసార్లు తలపడతాయి. ఆరేళ్ళలో పన్నెండు ఆటలు, పన్నెండూ కర్టిస్‌వే.

ఓటమి ఒక్కటే అయితే వెర్లిన్ ఎలాగో మింగేవాడు. వీధి చివర కేఫ్‌లో కేకుల అద్దాల పెట్టె మీద కర్టిస్ జట్టు ఫొటోలు మూడు వేలాడతాయి. కాఫీ తాగాలంటే వాటికేసి చూస్తూ తాగాల్సిందే. వాడి పిల్లల చొక్కాలు ఎప్పుడూ లోపలికి దోపి ఉంటాయి. హైస్కూలుకెళ్ళిన కుర్రాళ్ళు, వెర్లిన్ దగ్గర ఓనమాలు దిద్దినవాళ్ళు సైతం, వీధిలో కనిపిస్తే కర్టిస్‌ను కౌగిలించుకుంటారు, వెర్లిన్‌కు దూరం నుంచే చెయ్యి ఊపుతారు. ఇవన్నీ ఒక ఎత్తు, గుడ్ల సంగతి ఒక ఎత్తు. బంతిని మెత్తగా అందుకోవడం రావాలంటే పిల్లల చేతికి పచ్చి కోడిగుడ్లు విసరాలన్నది వెర్లిన్ కనిపెట్టిన పద్ధతి. గుడ్డు చితికితే చెయ్యి బిరుసని, చితక్కపోతే మెత్తనని లెక్క. కిందటేడు జిల్లా పత్రికలో ఆ పద్ధతి మీద అరపేజీ రాశారు. శీర్షిక: లోవాల్ గుడ్ల పాఠం.

ఆ పేపరు చదివి వెర్లిన్ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. భార్య ఆర్లిస్ చూసి చూసి, "ఆరేళ్ళనించీ ఈ ఇంట్లో ముగ్గురం కాపురం ఉంటున్నాం. నువ్వు, నేను, కర్టిస్. ఆయన అద్దె కూడా ఇవ్వట్లేదు" అంది.

"ఒక్కసారి, ఆర్లిస్. ఒక్కటంటే ఒక్కసారి వాణ్ణి ఓడిస్తే చాలు. తర్వాత వాడి పేరెత్తను."

"ఎత్తకపోతే మరేం మాట్లాడతావ్?" అంది ఆర్లిస్.

మార్చి మొదటి శనివారం స్కూలు జిమ్‌లో పిల్లల పరీక్ష జరిగింది. బయట ఇంకా మంచు. లోపల డెబ్బైమంది పిల్లలు వీపులకు నంబర్ల కాగితాలు పిన్ను పెట్టుకుని, చెక్క నేల మీద బూట్లు కీచుకీచుమనిపిస్తూ తిరుగుతున్నారు. ఒక్కొక్కరికీ నేల మీద అయిదు బంతులు దొర్లించి, గాల్లోకి మూడు ఎగరేసి, బ్యాటుతో అయిదు కొట్టించి చూస్తారు. ఆరుగురు కోచ్‌లు గోడవారన మడత కుర్చీల్లో కూర్చుని, తమ కాగితాలు పక్కవాడికి కనబడకుండా మోకాళ్ళ మీద దాచుకుని మార్కులు వేసుకుంటారు. మరునాడే ఎంపిక, రౌండుకు ఒక్కో పిల్లనో పిల్లాణ్ణో కోచ్‌లు వంతులవారీగా తమ జట్టుకు తీసుకుంటారు.

అందరి కళ్ళూ పదకొండో నంబరు మీద ఉన్నాయి. వాడి పేరు బ్రాక్. పదేళ్ళకే కాళ్ళు చేతులు సాగాయి, వాడు విసిరిన బంతి జిమ్ గోడకు తగిలితే బాస్కెట్‌బాల్ రింగు అదిరింది. వెర్లిన్ కాగితంలో కూడా అందరికంటే పైన పదకొండే ఉంది. ఇరవై ఏడో నంబరు ఒక సన్నపాటి పిల్ల. కళ్ళజోడు, గ్లవ్ మోచేతి దాకా జారిపోతోంది. అయిదు బంతులూ కాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయాయి. గాల్లోకి ఎగరేసిన మూడింట్లో ఒకటి భుజం మీద పడింది. వెర్లిన్ సున్నా వేసి పేజీ తిప్పేశాడు.

కాఫీ కోసం లేచినప్పుడు ముందు కర్టిస్ నిలబడి ఉన్నాడు. కాగితం చంకలో పెట్టుకుని కప్పులో చక్కెర కలుపుతున్నాడు. వెర్లిన్ కావాలని చూడలేదు అంటే నేను నమ్మను, మీరూ నమ్మకండి. ఆ కాగితంలో ఇరవై ఏడు చుట్టూ సున్నా చుట్టి ఉంది. ఒకటి కాదు, రెండు సున్నాలు, పెన్ను నొక్కి మరీ.

వెర్లిన్ కాఫీ సంగతి మరిచిపోయాడు. అతనికి వెంటనే అర్థమైంది, అంటే అర్థమైందనుకున్నాడు. మా లీగులో పిల్లల్ని దాచడం అని ఒక దొంగ పని ఉంది. మంచి ఆటగాడు ఎవరి కంటా పడక ముందే కోచ్ వాళ్ళింటికి వెళ్ళి, "పరీక్ష రోజున బంతులు వదిలెయ్యమనండి, ఏడెనిమిది రౌండ్ల దాకా ఎవరూ అడగరు, అప్పుడు నేను తీసుకుంటా" అని చెప్పి వస్తాడు. తప్పే. అందరూ తిడతారు. జీవితంలో ఒకసారైనా చెయ్యని కోచ్ లేడు. పదేళ్ళ కిందట వెర్లిన్ కూడా ఒక కుర్రాణ్ణి అలాగే దాచాడు. ఆ రోజు పక్కనుండి నేర్చుకున్నది కర్టిసే.

"నా దగ్గర నేర్చుకుని నా ముందే ఆడుతున్నాడు" అనుకున్నాడు వెర్లిన్.

ఆదివారం చర్చి అయ్యాక అగ్నిమాపక కేంద్రం మేడ మీద గదిలో ఆరుగురూ కూర్చున్నారు. ఎవరు ముందు ఎంచుకోవాలో టోపీలో చీట్లు వేసి తీస్తారు. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి వెర్లిన్‌కు ఒకటో నంబరు వచ్చింది. రెండోది కర్టిస్‌కు. గదిలో అందరూ పదకొండు అని ముందే రాసేసుకున్నారు. లీగు కార్యదర్శి ఫే అనే పెద్దావిడ కూడా సుద్దముక్కతో బోర్డు మీద ఒకటి గీసి, రెండో ఒకటికి చెయ్యెత్తి ఆగింది.

"ఇరవై ఏడు" అన్నాడు వెర్లిన్.

గదిలో డోనట్ నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

"కళ్ళజోడు పెట్టుకోవయ్యా వెర్లిన్" అంది ఫే. "ఇరవై ఏడంటే ప్రోబస్ట్ వాళ్ళ మనవరాలు, టిల్లీ."

"నాకు తెలుసు. రాయి."

అందరూ నోరెళ్ళబెట్టారు. వెర్లిన్ వాళ్ళెవరినీ చూడలేదు. అతను కర్టిస్‌నే చూస్తున్నాడు. కర్టిస్ మొహంలో రంగు దిగిపోయింది. ఆరేళ్ళుగా వెర్లిన్ కోరుకున్నది అదే, ఆ మొహం. ఆ మొహాన్ని గుటకలు గుటకలుగా తాగాడు. తన వంతు రాగానే కర్టిస్ ఎటో చూస్తూ "పదకొండు" అన్నాడు. బ్రాక్ వాడికి పోయాడు.

కింద పార్కింగులో కర్టిస్ వెనకాలే వచ్చాడు.

"వెర్లిన్, ఒక్క నిమిషం. మార్చుకుందామా? టిల్లీని నాకివ్వు, బ్రాక్‌ని తీసుకో."

వెర్లిన్ కారు తలుపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. బ్రాక్‌ను ఇస్తానంటున్నాడంటే, ఆ పిల్ల ఎంతటిదై ఉండాలి.

"ఎందుకట?"

"కారణం అడక్కు. ఇంటి విషయం. నీకే లాభం కదా."

"నా లాభం గురించి నీకెప్పటినించి బెంగ?" అన్నాడు వెర్లిన్. కారెక్కి, ఇంటిదాకా ఈల వేసుకుంటూ పోయాడు.

ఏప్రిల్‌లో మొదటి సాధన. టిల్లీ అమ్మమ్మ రూబార్బ్ అనే పుల్లటి కాడలు వేసి చేసిన బిస్కట్లు పెద్ద పళ్ళెం నిండా తెచ్చింది. "మా ఇంటా వంటా ఎవరూ దేంట్లోనూ మొదట రాలేదు బాబూ" అని వెర్లిన్ చెయ్యి పట్టుకుంది. చొక్కాలు పంచుతుంటే టిల్లీ ఒకటో నంబరు అడిగింది. మిగతా పిల్లలు కిసుక్కుమన్నా వెర్లిన్ ఇచ్చేశాడు.

తరువాత ఆ పిల్లను ఒక పక్కకు తీసుకెళ్ళి ఒక బంతి దొర్లించాడు. కాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయింది. ఇంకోటి. అదీ అంతే.

వెర్లిన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఎవరూ చూడట్లేదులే. ఇంక నిజంగా ఆడొచ్చు."

"ఆడుతున్నా కోచ్."

"అది కాదమ్మా. బంతులు వదిలెయ్యమని నీకెవరైనా చెప్పారా?"

టిల్లీ కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆలోచించింది. "లేదు కోచ్. అవే వెళ్ళిపోతున్నాయి."

వెర్లిన్ బంతుల డబ్బా బోర్లించి దాని మీద కూలబడ్డాడు. అవతలి మైదానంలో బ్రాక్ బంతి విసురుతున్నాడు. ఒక్కో బంతీ గ్లవ్‌లో పడ్డ చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

ఆ వారమంతా కేఫ్‌లో అతన్ని ఏడిపించి చంపారు. "ఒకటో నంబరు ఎలా ఉంది వెర్లిన్?" అని ఒకరు, "వచ్చే ఏడు మా కుక్కని కూడా పరీక్షకి తెస్తాం, చూడు" అని ఇంకొకరు. ఇంకొకడైతే తప్పయిందని ఒప్పుకునేవాడు. వెర్లిన్ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే కర్టిస్ కాగితం దొంగచూపు చూశానని కూడా ఒప్పుకోవాలి. అందుకని తన మాటే నెగ్గించుకోవాలని పంతం పట్టాడు. సాధనకు గంట ముందే టిల్లీని రమ్మన్నాడు. గుడ్లు తెచ్చాడు.

మొదటి రోజు డజను గుడ్లూ చితికాయి. రెండో రోజూ అంతే. టిల్లీ చొక్కా నిండా పసుపు, జుట్టు నిండా పెంకులు. ఏడవలేదు. ప్రతి గుడ్డుకూ అతను చెప్పింది ఇంటికెళ్ళాక మరిచిపోకుండా బాల్‌పెన్నుతో ముంజేతి మీద రాసుకునేది. ఒకరోజు వెర్లిన్ ఆ చెయ్యి పట్టుకుని చదివాడు. "గుడ్డుకి ఎదురెళ్ళకు, దాన్ని రానివ్వు." కింద "కోచ్ హాస్కెట్" అని పేరు కూడా ఉంది. పందొమ్మిదేళ్ళలో అతని మాట కింద అతని పేరు ఎవరూ రాయలేదు. వెర్లిన్ ఇంకో గుడ్డు తీశాడు.

మే నెల మూడో వారంలో ఒక గుడ్డు చితకలేదు. టిల్లీ దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయింది. వెర్లిన్ ఇంటికెళ్ళి ఆర్లిస్‌తో ఆ ఒక్క గుడ్డు గురించి భోజనం అయ్యేదాకా చెప్పాడు. ఆ పూట కర్టిస్ పేరు రాలేదని ఆర్లిస్ గమనించింది గానీ, దిష్టి తగులుతుందేమోనని ఊరుకుంది.

జట్టు మాత్రం చిత్తుగా ఓడిపోతూనే ఉంది. కర్టిస్‌తో మొదటి ఆటలో బ్రాక్ వీళ్ళ పిల్లల్ని పరుగే తియ్యనివ్వలేదు. ఓటముల లెక్క పదమూడుకు చేరింది. ఆ ఆట మొత్తం కర్టిస్ కూతురు మారెన్, పరుగులో మొదటి మజిలీ అయిన ఫస్ట్ బేస్ దగ్గర, మూతి ముడుచుకుని నిలబడింది. తండ్రి ఏం చెప్పినా తలెత్తలేదు. వెర్లిన్ దాన్ని పట్టించుకోలేదు. అతని చూపంతా బ్రాక్ మీద, వాడి వెనక చేతులు కట్టుకుని నిశ్చింతగా నిలబడ్డ కర్టిస్ మీద ఉంది. నా కుర్రాడు, నా కుర్రాడు కావాల్సినవాడు అని లోపల కుతకుత ఉడికిపోయాడు.

జూన్ చివరి శనివారం, ఆఖరి ఆట, మళ్ళీ కర్టిస్‌తోనే. ఎలా జరిగిందో గానీ ఆఖరి ఇన్నింగ్స్‌కు వచ్చేసరికి రెండు జట్లూ నాలుగేసి పరుగులతో సమానంగా ఉన్నాయి. పిల్లలు రోజుకు డెబ్బై అయిదు బంతులకు మించి విసరకూడదని మా లీగు నియమం. బ్రాక్ కోటా అయిపోయింది. వాడి బదులు వచ్చిన కుర్రాడి బంతి ఒకటి ఆకాశానికి, ఒకటి నేలకు పోతోంది. ఆఖరి బ్యాటింగు వెర్లిన్ జట్టుదే, ఒక్క పరుగొస్తే గెలుపు. బ్యాటు పట్టే వంతు టిల్లీది.

"ఇంకెవరినైనా పంపు" అని సహాయకుడు గొణిగాడు. "ఏడాదంతా ఒక్క దెబ్బ కొట్టలేదు."

నిజమే. పంపొచ్చు కూడా. కానీ కర్టిస్ చూస్తుండగా తన మొదటి రౌండు పిల్లను తానే వెనక్కి పిలవడం కన్నా ఓడిపోవడమే నయమనిపించింది వెర్లిన్‌కు. టిల్లీ దగ్గరికెళ్ళి వంగి, "బ్యాటు కదపకు. మంచి బంతి వస్తే తప్ప కదపకు. రానివ్వు" అన్నాడు. టిల్లీ తలూపింది.

నాలుగు బంతులు, నాలుగూ అడ్డదిడ్డం. టిల్లీ కొయ్యబొమ్మలా నిలబడింది. నాలుగు చెడ్డ బంతులు పడితే కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కు నడిచిపోవచ్చు కదా, నడిచిపోయింది. అక్కడ మారెన్ ఉంది. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఏదో మాట్లాడుకోవడం వెర్లిన్ చూశాడు. తరువాతి కుర్రాడు కొట్టిన బంతి మూలకు పోయింది, టిల్లీ పరుగెత్తి మూడో బేస్ చేరింది. ఆ వెంటనే విసిరిన బంతి, బ్యాటు వెనక కూర్చుని పట్టుకునే కుర్రాడి గ్లవ్ తప్పించుకుని వెనకాల కంచె దాకా దొర్లింది. "రా" అని వెర్లిన్ కేకేశాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుండగా టిల్లీ పరుగు పూర్తయ్యే ఇంటి పలక, అదే హోమ్ ప్లేట్, మీద కాలు పెట్టింది. అయిదు, నాలుగు.

వెర్లిన్ గెలిచాడు. పద్నాలుగో ఆటలో, పిల్లలందరూ మీద పడుతుండగా, తలెత్తి ముందు చూసింది కర్టిస్ మొహం. ఎంపిక రోజు చూసిన మొహం మళ్ళీ కనబడుతుందని చూశాడు. కనబడలేదు. కర్టిస్ నవ్వుతున్నాడు. తెచ్చిన ఐస్ పెట్టె మూత తెరిచి, "రెండు జట్లకీ ఐస్ పుల్లలున్నాయి, రండర్రా" అని పిలిచాడు. వెర్లిన్ పిల్లలు వెర్లిన్‌ను వదిలేసి అటు పరుగెత్తారు.

తరువాత కర్టిస్ చెయ్యి చాచుకుంటూ వచ్చాడు. "బాగా ఆడించావు. ఆ పిల్ల భలే నిలబడింది. అది నీ చలవే." ఓడిపోయినవాడికి ఉండాల్సిన ఉక్రోషం ఇసుమంత లేదు. గెలుపు వెర్లిన్ నోట్లో చప్పబడిపోయింది. కనీసం కుళ్ళుకోవడమైనా రాదా వీడికి, అనుకున్నాడు.

"ఇప్పుడు చెప్పొచ్చులే" అన్నాడు కర్టిస్. "మార్చిలో నిన్నెందుకు బతిమాలానో. టిల్లీ లేకపోతే ఆడనని మా మారెన్ మొండికేసింది. ఇద్దరూ ప్రాణస్నేహితులు. కూతురే తండ్రి జట్టులో ఆడనంటోందని ఊళ్ళో చెప్పుకోడానికి సిగ్గేసింది. వచ్చే ఏడు ఆ పిల్లని నాకొదిలెయ్. ఎనిమిదో రౌండ్లో తీసుకుంటా. నువ్వెలాగూ మొదటి రౌండు మళ్ళీ పాడుచేసుకోవుగా."

పక్కనున్న వాళ్ళు నవ్వారు. పెన్ను నొక్కి చుట్టిన ఆ రెండు సున్నాలూ ఎందుకో వెర్లిన్‌కు అప్పుడు తెలిసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా అతన్ని పొడిచింది అది కాదు. ఎనిమిదో రౌండు అన్న మాట పొడిచింది. గుడ్డును చితక్కుండా పట్టిన పిల్ల, ఎనిమిదో రౌండా. ఎవడికీ ఇవ్వను, వచ్చే మార్చిలో ఏ చీటీ వచ్చినా నా మొదటి పేరు అదే అని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు. ఈసారి తెలిసే.

టిల్లీ వచ్చి అతని ఎదుట నిలబడింది.

"కోచ్, ఒకటి అడగనా?"

"అడుగు."

"కర్టిస్ కోచ్ నన్ను అడిగింది మారెన్ కోసమట. మీరు నన్ను తీసుకుంది కర్టిస్ కోచ్‌కి దక్కకూడదనట. వాళ్ళ నాన్న ఇంట్లో అంటే విందట, ఇందాక ఫస్ట్ బేస్ దగ్గర మారెన్ చెప్పింది. నిజమేనా?"

వెర్లిన్ అబద్ధం కోసం వెతికాడు. చివరికి "నిజమే" అన్నాడు.

ఏడుస్తుందేమోనని భయపడ్డాడు. ఆ పిల్ల మాత్రం ఎక్కాలు చదివేటప్పటి మొహం పెట్టి ఆలోచిస్తోంది. "మరయితే నన్ను నిజంగా ఎంచుకుంది ఎవరు?"

"అది కాదు టిల్లీ, వచ్చే ఏడు నేను..."

"మారెన్" అంది టిల్లీ, లెక్క తేలిపోయినట్టు. "మీరిద్దరూ కాదు. మారెన్ ఒక్కతే." తరువాత కొంచెం బెదురుగా అడిగింది. "వచ్చే ఏడు నన్ను ముందే తీసేసుకోరు కదా కోచ్? మేమిద్దరం ఒక జట్టులో ఉండాలనుకుంటున్నాం."

అటు చివర మారెన్ బల్ల మీద తన పక్కన చోటు ఉంచి చూస్తోంది. ఏడాదంతా ముడుచుకున్న మూతి ఇప్పుడు విప్పారింది. వెర్లిన్ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తీసుకోనులే" అన్నాడు.

టిల్లీ థాంక్స్ అని కూడా అనకుండా పరుగెత్తింది. ఇద్దరూ ఒకే ఐస్ పుల్లను చెరో వైపు నుంచి చీకుతూ పడీపడీ నవ్వుకున్నారు. వెర్లిన్ గెలిచిన స్కోరు పుస్తకం చంకలో పెట్టుకుని వాళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. కడుపులో మంట మామూలుగానే ఉంది, ఆరేళ్ళుగా తెలిసిన మంటే. కర్టిస్ అతని పక్కనే ఉన్నా ఆ మంట అటు పోలేదు. యాభై నాలుగేళ్ళ మనిషి, తొమ్మిదేళ్ళ మారెన్‌ను చూసి కుళ్ళుకున్నాడు.